చిరునామా అక్కర్లేని మెయిలు

మేఘస్థలిలో మెయిలుకి చిరునామా రాయడం మానేసి ఏడాది దాటింది. చెప్పదలుచుకున్నది రాసి మీట నొక్కడమే. అది ఎవరికి చేరాలో గమ్యకం అనే యంత్రం చూసుకుంటుంది. భూమి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి రోజు ‘ఎవరికి’ అనే గడి కోసం తెరంతా వెతికి, కనబడక, పక్కవాళ్లను అడిగి నవ్వులపాలవుతారు. నెల తిరిగేసరికి చిరునామా అనేది ఒకటుండేదన్న సంగతే మర్చిపోతారు.

ఆ గమ్యకాన్ని తయారుచేసిన నూకరత్నం ఆ పూట డ్యూటీ ఎక్కుతూనే కుర్చీ చూసి పళ్లు నూరింది. కుర్చీ మళ్లీ పైకి లేచి ఉంది. ఎక్కి కూర్చుంటే కాళ్లు నేలకి అందవు. బల్ల మీద ఒక పక్కగా స్టీలు గ్లాసు, అందులో అడుగంటి ఎండిపోయిన కాఫీ. రోజూ ఇదే వరస. రోజూ కుర్చీ దించుకోవాలి, గ్లాసు కడుక్కోవాలి, ఆ తర్వాతే ఉద్యోగం. నిన్ననే ఈ సంగతి సవినయంగా గుర్తుచేస్తూ ఒక మెయిలు కూడా పెట్టింది.

“ఈ మనిషి భూమ్మీద ఎలా బతికాడో!” అని పైకే అంది. ఆ మనిషి పేరు ఓబులేసు. అదే కుర్చీలో, అదే పని, ఆమె నిద్రపోయే వేళల్లో చేస్తాడు. అతని ముఖం ఆమె ఇంతవరకూ చూడలేదు.

చూడకపోవడంలో వింతేమీ లేదు. శుక్రగ్రహం నేల మీద సీసం కరిగిపోయేంత వేడి. అదే యాభై అయిదు కిలోమీటర్లు పైకి వస్తే మన కోస్తాలో మాఘమాసపు మధ్యాహ్నంలా హాయిగా ఉంటుంది. అక్కడ చుట్టూ ఉండేది బొగ్గుపులుసు వాయువు. అది బరువైనది, మనం పీల్చే గాలి దానికన్నా తేలిక. అందుకని పీల్చే గాలినే పెద్ద పెద్ద సంచుల్లో నింపి, ఆ సంచుల లోపలే ఊరు కట్టుకుని మనుషులు మేఘాల మీద తేలుతున్నారు. తేలే ఊరికి ప్రతి సామానూ బరువే. మనిషికొక కుర్చీ, మనిషికొక బల్ల అనేవి భూమ్మీది విలాసాలు. ఊరు రెండు పాళీలుగా బతుకుతుంది. తొలిపాళీ పని చేస్తుంటే మలిపాళీ నిద్రపోతుంది. పాళీ మారేటప్పుడు కాసేపు స్థావరాన్ని యంత్రాలకి అప్పగించి ఒకరు పడకెక్కుతారు, ఇంకొకరు లేస్తారు. ఒకే కుర్చీ పంచుకునే ఇద్దరు ఏళ్ల తరబడి ఎదురుపడకుండానే పనిచెయ్యచ్చు.

నూకరత్నం, ఓబులేసు చూసేది తేలింపు డెస్క్. ఏ సంచిలో ఎంత గాలి ఉండాలి, ఊరు ఏ ఎత్తులో తేలాలి అన్నది వాళ్ల చేతుల్లో ఉంటుంది. ఆ ఇద్దరి మధ్యా ఉన్న దారం ఒక్కటే, మెయిలు. భూమ్మీద జనం ఈమెయిలుని ఎప్పుడో అటక ఎక్కించారు గానీ ఇక్కడ దానికి మళ్లీ ప్రాణం వచ్చింది.

ప్రాణం రావడంతో పాటు పాత రోగాలన్నీ కూడా వచ్చాయి. నూకరత్నం వచ్చిన కొత్తలో ఆ మెయిళ్లతో వేగలేక తల ప్రాణం తోకకొచ్చింది. స్నానాలగదిలో కుళాయి కారుతోందని ఒకాయన ఊరందరికీ మెయిలు పెడతాడు. విషయం దగ్గర ‘అతి ముఖ్యం’ అని ఉంటుంది. ‘గమనించాము’ అని ఒకరు, ‘ధన్యవాదాలు’ అని ఒకరు, ‘మా వైపు కుళాయి బాగానే ఉంది’ అని ఇంకొకరు, అందరూ అందరికీ జవాబిస్తారు. ఒకాయన విసుగెత్తి ‘దయచేసి అందరికీ జవాబులు పంపకండి’ అని అందరికీ పంపుతాడు. ‘బాగా చెప్పారు’ అని దానికి మళ్లీ అందరూ. కుళాయి మాత్రం కారుతూనే ఉంటుంది.

పై అధికారికి కాపీ పెట్టడం మరో తెగులు. పక్కగదివాడిని స్క్రూడ్రైవరు అడగాలన్నా స్థావరాధిపతికి కాపీ. ఇక ఆ భాష ఉందే, దానికి వేరే నిఘంటువు కావాలి. ‘సవినయంగా గుర్తుచేస్తున్నాను’ అంటే ‘నీకెన్నిసార్లు చెప్పాలి’ అని. ‘మీకు తెలియనిది కాదు’ అంటే ‘నీకేమీ తెలియదు’ అని. ‘పెద్దల దృష్టికి కూడా తెస్తున్నాను’ అంటే ‘నీ పని పట్టిస్తాను చూడు’ అని.

ఒకసారి ఆ రొదలో పడి, ఆమ్లపు తుంపరకి ఒక సంచి పొర చిల్లు పడిందన్న మెయిలు ఎవరూ తెరవలేదు. ఊరు ఒక పక్కకి ఒరిగింది. వంటగదిలో సాంబారు గోడెక్కింది. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు కానీ, ఆ సాంబారు తుడుస్తూనే నూకరత్నం గమ్యకం గురించి ఆలోచించింది.

గమ్యకం చేసేవి రెండే పనులు. ఒకటి, గమ్యం తేల్చడం. మెయిలు చేతికి రాగానే అది ఒక్క ప్రశ్న వేసుకుంటుంది: ఈ మాట ఎవరి చెవిన పడితే పని బాగుపడుతుంది? ఊళ్లో ఎవరేం చేస్తున్నారో, ఎవరికేం తెలియదో దానికి తెలుసు కనుక, ఆ మనిషికే పంపుతుంది. హోదా చూడదు, మొహమాటం లేదు. రెండోది, సారం తియ్యడం. పలకరింపులు, దండాలు, నసుగుళ్లు అన్నీ ఆవిరి చేసేసి, అడుగున మిగిలిన అసలు మాటని మాత్రం అందిస్తుంది. ఎవరు చెప్పారన్నదాన్ని బట్టి మాట బరువు మారిపోకుండా పంపినవాళ్ల పేరు కూడా తీసేస్తుంది. మనిషి పాళీ ఎక్కి కూర్చునేసరికి అవసరమైన మెయిళ్లు మాత్రం, ఒకటీ రెండూ, కూరల బుట్టలో ఏరి పెట్టినట్టు సిద్ధంగా ఉంటాయి.

దాంతో రొద ఆగింది. కుళాయి మెయిలు కుళాయి బాగుచేసేవాడికే వెళ్లింది. కుళాయి ఆగింది. అందరూ నూకరత్నాన్ని మెచ్చుకున్నారు. కొత్తవాళ్లకి ఈమెయిలు మర్యాదల మీద పాఠం చెప్పే పని కూడా ఆమెకే అప్పగించారు. యంత్రం ఎలాగూ మర్యాదలన్నీ తీసేస్తుంది కదా అని ఎవరైనా అడిగితే ఆమెకి ఒళ్లు మండేది. “అది తీసేస్తుందని మనం మానేస్తామా అండీ? మర్యాదన్నది రాసేవాళ్ల సంస్కారం” అనేది.

ఆ పూట కుర్చీ దించుకుని, గ్లాసు కడిగి, తెర తెరిస్తే రెండు మెయిళ్లు ఉన్నాయి. మొదటిది ఏడో సంచి వాల్వు కాస్త పట్టేస్తోంది, నెమ్మదిగా తిప్పాలని. రెండోది ఇది:

‘కుర్చీ నీ ఒక్కరి సొత్తు కాదు. నీ తర్వాత ఇంకొకరు కూర్చుంటారన్న ఇంగితం లేదు. తాగిన గ్లాసు కడుక్కోవడం కూడా చేతకాదు.’

నూకరత్నం నోటికి వెంటనే ఒక మాట వచ్చింది, కానీ అది పాఠాల్లో చెప్పే మాట కాదు. కుర్చీ ఎత్తిపెట్టేది అతను, గ్లాసు వదిలేసేది అతను, తిరిగి తిట్లు తనకా! పేరు లేకపోతేనేం, ఈ కుర్చీలో కూర్చునేది ఇద్దరే. రాసింది తను కాదు.

పాఠంలో చెప్పినట్టే చేసింది. కోపంలో రాసింది వెంటనే పంపకూడదు. పని మధ్యలో ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి చదివి, మెత్తగా చేసి, పాళీ చివర కాఫీ తాగుతూ పంపింది.

‘గౌరవనీయులైన ఓబులేసుగారికి నమస్కారాలు. తమరు కుశలమని తలుస్తాను. ఉమ్మడి ఆసనం విషయంలో తమరు వెలిబుచ్చిన అభిప్రాయాలు చూసి కించిత్తు ఆశ్చర్యపోయాను. పరస్పర గౌరవం ఉన్నచోటే పని సజావుగా సాగుతుందని మీకు తెలియనిది కాదు. ఇకముందు వాడే భాష విషయంలో మరికొంత శ్రద్ధ వహించగలరని ఆశిస్తూ, మీ సహకారానికి ముందస్తు కృతజ్ఞతలతో.’

అంత మంచి మెయిలు రాసినందుకు తనని తనే మెచ్చుకుని పడకెక్కింది.

మర్నాడు కుర్చీ పైకే ఉంది. తెర మీద జవాబు ఉంది.

‘నీకు మర్యాద తెలియదు. మాట్లాడే తీరు ముందు నేర్చుకో.’

“నేనా!” అని అరిచింది నూకరత్నం. పక్క డెస్కులవాళ్లు తిరిగి చూశారు. “ఊరందరికీ మర్యాదలు నేర్పేదాన్ని నేను! నాకు మర్యాద తెలియదట!”

ఆ వారమంతా ఇదే తంతు. ఆమె ఎంత వినయంగా రాస్తే అవతలి నుంచి అంత మోటుగా వచ్చేది. ఆమె మూడు పేరాలు రాస్తే, మూడు ముక్కల్లో మొహం వాచేట్టు పెట్టేవాడు. నిద్రలో కూడా అతనికి జవాబులు కూర్చుకునేది. అన్నం సయించడం మానేసింది. సంచుల్లో గాలి చూడాల్సిన మనిషి, తెర మూలన మెయిలు వస్తుందేమోనని చూస్తూ కూర్చునేది. పాళీకి ఒకసారే వస్తాయని తెలిసి కూడా.

చివరికి స్థావరాధిపతి మస్తాన్ వలీని ఉద్దేశించి ఒక వినతి రాసింది. సహోద్యోగి ప్రవర్తన వల్ల తేలింపు డెస్క్ పనితీరుకి భంగం కలుగుతున్నదనీ, ఆ వ్యక్తి సేవలు భూమి మీద మరింత ప్రయోజనకరంగా ఉండగలవనీ, త్వరలో బయలుదేరే తిరుగు ఓడలో అతనికి అవకాశం కల్పించే విషయం పెద్దలు సానుభూతితో పరిశీలించాలనీ. తిరుగు ఓడంటే మాటలు కాదు. ఒకసారి గడువు తీరకుండా ఎక్కిస్తే ఆ మనిషి ఇంక అంతరిక్షం ముఖం చూడడు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసే పంపింది.

మర్నాడు తెర తెరిచేసరికి ఇది ఉంది.

‘నీతో పని చెయ్యడం ఎవరి వల్లా కాదు. నిన్ను తిరుగు ఓడ ఎక్కించి వదిలించుకోవాలి.’

అంటే తనకన్నా ముందే అతను పావులు కదుపుతున్నాడన్నమాట! నూకరత్నం పదేళ్లు ఎదురుచూసి, ఎన్ని పరీక్షలు దాటి ఇక్కడికొచ్చిందో ఆమెకే తెలుసు. మేఘాల మీద ఊరు తేలుతుంటే కిటికీలోంచి చూడడం తప్ప ఆమెకి వేరే ముచ్చటే లేదు. ఇదంతా ఒక గ్లాసు కడగని మనిషి వల్ల పోవాలా? భయం వేసింది. ఆ భయం మీద ఇంకా కోపం వచ్చింది. మెయిలూ వద్దు, ఏమీ వద్దని లేచి తిన్నగా మస్తాన్ వలీ గదికి నడిచింది.

మస్తాన్ వలీది నెల్లూరు. పదవీ విరమణకి దగ్గరపడిన మనిషి. ఆమె చెప్పిందంతా విని నుదురు రుద్దుకున్నాడు.

“ఏందమ్మా ఇది? ఊరు నడపనా, మీ ఇద్దరి కుర్చీ పంచాయితీ చూడనా?”

“కుర్చీ కాదు సార్! నా ఉద్యోగానికే ఎసరు పెడుతున్నాడండీ. నా వినతి మీకు అందలేదా?”

“నాకేం రాలేదు.”

“చూశారా! అది కూడా ఏదో చేసుంటాడు. పిలిపించండి సార్. ఎదురుగానే తేల్చండి.”

ఓబులేసుని మంచి నిద్రలోంచి లేపి తెచ్చారు. నూకరత్నం ఊహించిన మనిషి వేరు. మీసాలు మెలేసి వెక్కిరింతగా నవ్వే రకం అనుకుంది. వచ్చింది మాత్రం సన్నగా, పొడుగ్గా, దుప్పటి ముడతలు బుగ్గ మీద అచ్చుపడిన మనిషి. లోనికి రాగానే ఆమెని చూసి ముఖం విప్పార్చాడు.

“మీరేనా నూకరత్నం మేడమ్? ఇన్ని దినాలకు అగుపడితిరి! మీ మాదిరి మెయిలు రాసేవాళ్లు ఈ ఊర్లో లేరు మేడమ్. వాల్వు పట్టేస్తాంది, చూసుకో. ఎడమ సంచి దించినాను, గమనించు. అంతే. ఒక్క మాట ఎక్కువ రాయరు.”

“చాలండీ నటన” అంది నూకరత్నం. “ఈ మెయిళ్లు రాసింది మీరు కాదా?”

తెర మీద ఆ మెయిళ్లన్నీ పెట్టింది. ఓబులేసు కళ్లు నులుముకుని చదివాడు.

“యాడివి ఇవి? నేను రాసేదంతా సంచుల గురించే. ఇట్లాంటివి నాకేం తెలుసు? సార్, నిద్ర చెడిపాయ. నన్ను పంపిచ్చండి.”

“పేరు బయటపెట్టించండి సార్” అంది నూకరత్నం. గమ్యకం దాచిన పేరు బయటికి రావాలంటే ఆమె, స్థావరాధిపతి ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆ కట్టుబాటు పెట్టింది కూడా ఆమే.

మస్తాన్ వలీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఓడలో ఒక సీటు ఖాళీ ఉంది. ఇంతదూరం వచ్చాక ఊరికే వదిలేస్తే రేపు అందరూ ఇదే పనిలో ఉంటారు. పేరు వచ్చాక మళ్లీ జాలిపడమని నా దగ్గరికి రాకూడదు. సరేనా?”

“జాలా! రాసింది ఎవరైనా సరే సార్, ఈ ఓడలోనే ఎక్కించెయ్యండి. ఇది నా మాటగానే రికార్డు చేసుకోండి.”

“సరే. గమ్యకం, ఈ మెయిళ్లు రాసింది ఎవరు?”

గోడలోంచి నెమ్మదైన గొంతు వచ్చింది. “రాసినవారు నూకరత్నం. చదవవలసినవారు నూకరత్నం.”

ఓబులేసుకి నిద్రమత్తు వదిలిపోయింది.

“తప్పు!” అంది నూకరత్నం. “నా జన్మలో ఎవరికీ ఇలా రాయలేదు. ఎక్కడో లోపం జరిగింది.”

“మీరు రాసినవీ, వాటి నుంచి నేను తీసిన సారమూ పక్కపక్కన చూపుతున్నాను.”

తెర రెండుగా చీలింది. ఎడమవైపు నమస్కారాలు, కుశలప్రశ్నలు, ముందస్తు కృతజ్ఞతలు. కుడివైపు ఒక్కో వాక్యం. ‘సానుభూతితో పరిశీలించగలరు’ అన్నదానికి ఎదురుగా ‘వదిలించుకోవాలి’ అని ఉంది. మస్తాన్ వలీ రెండు వైపులా చదివి గడ్డం నిమురుకున్నాడు. కుడివైపుది తప్పని ఆయన కూడా అనలేకపోయాడు.

“ఓబులేసుగారికి రాస్తే నాకెందుకు పంపావు?” నూకరత్నం గొంతు కీచుమంది.

“మీరిచ్చిన సూత్రం ఒక్కటే. ఎవరు చదివితే పని బాగుపడుతుందో వారికి చేర్చాలి. ఓబులేసుగారు చదివినందువల్ల కుర్చీ దిగదు. ఆయన లేచేముందు రోజూ దాన్ని మీ ఎత్తుకి దించి వెళుతున్నారు. దాని అడుగున గాలి గొట్టం పాడైంది. పాళీ మార్పిడిలో గాలి ఒత్తిడి తగ్గినప్పుడు అదే పైకి లేస్తున్నది. కుర్చీ పాడైందని మీరు రాసి ఉంటే మరమ్మతు విభాగానికి పంపేదాన్ని. మీరు ఓబులేసుగారు పాడయ్యారని రాశారు.”

“మరి గ్లాసో?”

“నేను కాఫీ తాగను మేడమ్” అన్నాడు ఓబులేసు. “అది మీరు పొయ్యేముందు తాగి పెట్టిపోయేదే. పరాయివాళ్ల గ్లాసు ఎందుకు కడిగేదని పక్కకు జరుపుకుంటా.”

నూకరత్నం ముఖం కందిపోయింది. కూర్చోడానికి చుట్టూ చూస్తే ఆ గదిలో ఇంకో కుర్చీ లేదు.

మస్తాన్ వలీ గొంతు సవరించుకున్నాడు. తెర వైపు చూడకుండా, బల్ల మీది కలం సర్దుతూ అడిగాడు. “అది సరే. నాక్కూడా కొన్ని వచ్చినాయి. ‘ఇంత చేతకాని అధికారిని ఎక్కడా చూడలేదు’ అనీ, ‘నీ పని నువ్వు చెయ్యవు, చేసేవాడిని చెయ్యనివ్వవు’ అనీ. భూమి మీద ప్రధాన కార్యాలయం వాళ్లు పంపారని అనుకుంటా ఉన్నా.”

“ప్రధాన కార్యాలయానికి మీరు పంపినవే” అంది గమ్యకం.

కలం చేతిలోంచి జారింది. ఆయన దాన్ని తీసుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. కాసేపటికి నూకరత్నం వైపు తిరిగినప్పుడు ఆ గొంతులో ముందున్న కాఠిన్యం లేదు.

“చూడమ్మా. ఫిర్యాదు నీది. నేరం నీది. దెబ్బ తగిలింది కూడా నీకే. నీ మాట ప్రకారం నిన్ను ఓడ ఎక్కించాలి. ఎక్కిస్తే, న్యాయంగా నేనూ ఎక్కాలి. ఆ లెక్కన ఊరు ఊరంతా ఎక్కాలి, అక్కడేమో ఒక్క సీటే ఉంది. కానీ మాట అన్నాక ఊరికే పోనివ్వడం కూడా బాగుండదు. ఈ అబ్బాయికి ఒక క్షమాపణ రాయి. గమ్యకంలోనే రాయి. ఓడ బయలుదేరేలోగా అతనికి అందితే ఈ గొడవ ఇక్కడితో సరి. అందకపోతే ఆ సీటు నీది.”

నూకరత్నానికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. “అంతేనాండీ? మర్యాదగా రాయడం నాకొకరు నేర్పాలా?”

“రాసేదెందుకు మేడమ్?” అన్నాడు ఓబులేసు ఆవులిస్తూ. “నేనీడనే ఉండా కదా. నోటితో ఒక మాట చెప్తే సరిపాయె. పోయి పండుకుంటా.”

“అలా కాదండీ” అంది ఆమె. “ఇలాంటివి రాతపూర్వకంగా ఉండాలి. అదే పద్ధతి.”

మస్తాన్ వలీ వంగి కింద పడిన కలం తీసుకున్నాడు.

పాళీ ముగిసేలోగా ఆమె ఆ క్షమాపణ రాసింది. ఎన్నిసార్లు దిద్దిందో లెక్కలేదు. ఒక్క కర్కశమైన మాట లేకుండా చూసుకుంది.

‘గౌరవనీయులైన ఓబులేసుగారికి హృదయపూర్వక నమస్కారాలు. ఇటీవల సమాచార వ్యవస్థలో తలెత్తిన కొన్ని సాంకేతిక కారణాల వల్ల మన మధ్య అపార్థాలకి తావు ఏర్పడినందుకు మిక్కిలి చింతిస్తున్నాను. ఈ సందర్భంగా నా వల్ల తమరు ఏమైనా నొచ్చుకుని ఉన్నట్లయితే పెద్ద మనసుతో క్షమించగలరు. ఒకరిని నొప్పించడం నా స్వభావం కాదని మీకు తెలియనిది కాదు. ఈ ప్రస్తావనకి ఇంతటితో స్వస్తి పలికి, మునుపటిలా కలిసి పనిచేద్దామని ఆశిస్తూ, సదా మీ శ్రేయోభిలాషి.’

పంపేముందు ఆఖరిసారి చదువుకుంటే ఆమెకే కళ్లు చెమర్చాయి. ఇంత వంగి ఎవరు రాస్తారు ఈ రోజుల్లో? అతను దీన్ని చదివి సిగ్గుపడకపోతే చూడాలి అనుకుంది. మీట నొక్కి, గ్లాసు కూడా కడిగి పెట్టి, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

లేచి డ్యూటీకి వచ్చేసరికి ఊళ్లో హడావుడిగా ఉంది. ఓడకి సామాన్లు ఎక్కిస్తున్నారు. నూకరత్నం తీరిగ్గా కూర్చుని తెర తెరిచింది. ఒక మెయిలు ఉంది.

‘తప్పు యంత్రానిది, నాది కాదు. నొచ్చుకుంటే అది నీ మెత్తదనం. నా స్వభావం మంచిదే. ఈ మాట ఇంక ఎత్తకు.’

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అంత వేడుకుంటూ రాస్తే, ఇదా జవాబు? పైగా నొచ్చుకోవడం తన మెత్తదనమట! నిద్రమొహం వేసుకుని, మేడమ్ మేడమ్ అంటూ ఎంత అమాయకంగా మాట్లాడాడు నిన్న!

ఒక్క క్షణం చిన్న అనుమానం తట్టకపోలేదు. ఇది తను రాసిందేనేమో? వెంటనే తనకే నవ్వొచ్చింది. తను రాసినదానికీ దీనికీ పోలికే లేదు. అందులో ‘గౌరవనీయులైన’ ఉంది, ‘మిక్కిలి చింతిస్తున్నాను’ ఉంది, ‘పెద్ద మనసు’ కూడా ఉంది. ఇందులో మచ్చుకైనా ఒక మర్యాద మాట లేదు. ఇది ముమ్మాటికీ ఆ ఓబులేసే.

మస్తాన్ వలీ ఆమె డెస్క్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బయట ఓడ తలుపులు తెరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“అమ్మా, ఓబులేసుని అడిగి వస్తున్నా. అతనికి ఏమీ అందలేదంట.”

“అందలేదా!” అంది నూకరత్నం ఆయన వైపు తిరగకుండానే. “అందకుండానే ఇంత జవాబు రాశాడా అండీ? చూడండి, మీరే చూడండి ఈ పొగరు! నేను క్షమించమంటే, తప్పు తనది కాదట!”

మస్తాన్ వలీ వంగి ఆ నాలుగు వాక్యాలూ చదివాడు. మళ్లీ చదివాడు. ఆమె వైపు చాలాసేపు జాలిగా చూసి, గోడకి తగిలించి ఉన్న ఆమె సంచి తీసి భుజాన వేసుకున్నాడు.

“పదమ్మా” అన్నాడు మెల్లగా.

“ఒక్క నిమిషం సార్” అంది నూకరత్నం. ఆమె వేళ్లు అప్పటికే ‘గౌరవనీయులైన ఓబులేసుగారికి’ దాకా కొట్టేశాయి. “ఈ మనిషికి మర్యాదగా ఒక మెయిలు పెట్టేసి వచ్చేస్తాను.”